అమ్మకు చేసిన మల మార్పిడి

ఇస్కపల్లి చుట్టుపక్కల రొయ్యల రైతులకు ఈ సంగతి చెప్పడం తేలిక. చెరువుకు బ్లీచింగ్ కొడితే మంచి, చెడు బ్యాక్టీరియా అంతా చస్తుంది. ఆ ఖాళీలో అన్నిటికంటే ముందు లేచేది రొయ్యలకు జబ్బు తెచ్చే విబ్రియో. అందుకే బెల్లం, తవుడు పులియబెట్టి ప్రోబయోటిక్ కలిపి చల్లుతాం. అమ్మ పేగుల్లో జరిగిందీ అదే.

మోకాలి ఆపరేషన్ తర్వాత వాడిన యాంటీబయాటిక్స్ మేలు చేసే క్రిములను తుడిచిపెట్టాయి. విరేచనాలు పట్టించే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా తిష్ఠ వేసింది. దాన్ని చంపే వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ వాడితే విరేచనాలు కట్టేవి, ఆపగానే తిరగబెట్టేవి. ఈ బ్యాక్టీరియా స్పోర్లుగా, అంటే గట్టి పెంకున్న విత్తనాల్లాంటి రూపంలోకి మారి మందుకు లొంగకుండా ఉండిపోతుంది. అమ్మ ఎంత చిక్కిపోయిందంటే, చెయ్యెత్తితే గాజులు మోచేతి దాకా జారేవి.

చెన్నైలో జీర్ణకోశ వైద్యుడు మల మార్పిడి మాట ఎత్తారు. ఆరోగ్యవంతుల మలాన్ని సెలైన్‌లో కలిపి, వడగట్టి, కొలనోస్కోపీ గొట్టంతో పెద్దపేగులోకి పంపుతారు. అందులోని క్రిములు పైత్యరసంలోని ఆమ్లాలను మార్చి, డిఫిసిల్‌ను పెరగనివ్వవు. అన్నయ్య ముఖం చిట్లించాడు. అమ్మ మాత్రం, "నలుగురు బిడ్డల మలమూత్రాలు ఎత్తిపోసినదాన్ని, నాకు అసహ్యమేమిటిరా?" అంది.

ఇది నాటువైద్యం కాదు. 1958లోనే అమెరికాలోని డెన్వర్‌లో సర్జన్ బెన్ ఐస్‌మన్ బృందం నలుగురు రోగులకు ఎనిమా ద్వారా చేసింది. డిఫిసిల్ తిరగబెట్టిన రోగులపై నెదర్లాండ్స్‌లో చేసి, 2013లో వెలువరించిన అధ్యయనంలో మల మార్పిడి పొందిన 16 మందిలో 13 మందికి మొదటిసారికే నయమైంది. వాంకోమైసిన్ ఒక్కటే ఇచ్చిన 13 మందిలో నయమైంది నలుగురికే. మందుకూ దీనికీ ఇంత తేడా కనిపించాక నాకు భయం పోయింది. 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మింగే క్యాప్సూల్‌కు కూడా అనుమతి ఇచ్చింది.

కానీ ఇంట్లో ప్రయత్నించకండి, దయచేసి. 2019లో అమెరికాలో దాత మలంలోని, మందులకు లొంగని ఈ.కోలై బ్యాక్టీరియా సోకి ఒక రోగి చనిపోయారు. అందుకే దాతకు హెచ్ఐవీ, హెపటైటిస్, మలపరీక్షలు అన్నీ చేస్తారు. అన్నయ్య తర్వాత మనసు మార్చుకుని తానే ఇస్తానన్నాడు. ఈమధ్యే యాంటీబయాటిక్స్ వాడాడని వైద్యుడు ఒప్పుకోలేదు.

వేరే దాతతో మార్పిడి చేశాక, అమ్మ ఇప్పుడు చేపల పులుసుతో అన్నం తింటోంది. యాంటీబయాటిక్స్ వాడాక మీ ఇంట్లో ఎవరికైనా విరేచనాలు ఆగకపోతే, మెడికల్ షాపులో బిళ్ల కొని ఆపే ప్రయత్నం చేయకండి. డిఫిసిల్ పరీక్ష చేయించాలా అని వైద్యుణ్ణి అడగండి. రోగికి సేవచేసేవాళ్లు సబ్బుతో, నీళ్లతో చేతులు కడుక్కోండి. శానిటైజర్‌కు ఈ స్పోర్లు చావవు.