జెరూసలేంలో తిష్రీ నెల

జెరూసలేంలో చదువుకోవడానికి వచ్చాక నాకు ముందుగా అలవాటైన లెక్క: పండగ రోజు సూర్యాస్తమయంతోనే మొదలవుతుంది. యూదుల తిష్రీ నెలలో (సెప్టెంబరు-అక్టోబరు) పండగలు వరసపెట్టి వస్తాయి. యూదులకూ మనలాగే చాంద్రమాసాలు, అధికమాసం ఉన్నాయి కాబట్టి వాళ్ల కొత్త సంవత్సరం తరచూ మన నవరాత్రులతో కలిసి వస్తుంది. 2025లో వాళ్ల పాపపరిహార దినం యోమ్ కిప్పుర్, మన విజయదశమి రెండూ అక్టోబరు 2నే.

ఆ కొత్త సంవత్సరం పండగ రోష్ హషానా రెండు రోజులు. 2024లోలా గురు, శుక్రవారాల్లో పడితే వెనకే శనివారపు విశ్రాంతి దినం శబ్బత్ వస్తుంది. అంటే మూడు రోజులు బస్సులు, ట్రామ్, దుకాణాలు బంద్. సరుకులు ముందురోజు మధ్యాహ్నంలోపే తెచ్చుకోవాలి. పాతనగరం డమాస్కస్ గేటు వైపు అరబ్బుల కొట్లు మాత్రం తెరిచే ఉంటాయి.

ఎవరైనా భోజనానికి పిలిస్తే తప్పక వెళ్లండి. తేనెలో ముంచిన ఆపిల్ ముక్క, దానిమ్మ గింజలు ముందు పెడతారు. ఇంట్లో వండింది తీసుకెళ్లొద్దు. వైన్ అయితే కోషెర్ (యూదుల ఆహార నియమాలకు తగినదనే) ముద్ర చూసి కొని, సీలు తీయకుండా సూర్యాస్తమయానికి ముందే ఇవ్వాలి. యూదులు కాని మనం మూత తీసి పోస్తే కొన్ని రకాలు వాళ్లు తాగరు. బాత్‌రూమ్ లైటు ఆర్పొద్దు. మన చెయ్యి అలవాటుగా స్విచ్ మీదకే పోతుంది, కానీ మతనియమం ప్రకారం పండగ ముగిసేదాకా వాళ్లు దాన్ని వేసుకోలేరు, వేయమని మనల్ని నేరుగా అడగనూ లేరు.

యోమ్ కిప్పుర్ ఉపవాసం దాదాపు 25 గంటలు, మంచినీళ్లు కూడా ముట్టరు. బెన్ గురియన్ విమానాశ్రయం మూసేస్తారు, అందుకే ఆ రోజుకూ దాని ముందురోజుకూ టికెట్టు తీసుకోవద్దు. కార్లు లేని రోడ్ల మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటారు. ప్రార్థనకు వెళ్తే తోలు చెప్పులు వదిలి, గుడ్డ బూట్లు వేసుకోండి.

ఉపవాసం విడిచిన రాత్రే సుత్తి చప్పుళ్లు మొదలవుతాయి. తర్వాత వచ్చే పందిళ్ల పండగ సుక్కోత్‌కు పందిరి వేయడంలో చెయ్యి కలపడం నాకెంతో ఇష్టం. పైపులతో చట్రం కట్టి చుట్టూ గుడ్డ బిగిస్తారు. గాలికి గుడ్డ ఊగితే గోడగా చెల్లదని, నేల నుంచి మీటరు ఎత్తు దాకా జానెడు ఎడం మించకుండా అడ్డంగా పట్టీలు కడతారు. పైకప్పుకు కోసిన ఖర్జూర మట్టలో వెదురు చాపలో వాడాలి. ఎండకంటే నీడ ఎక్కువ పడాలి. చెట్టుకొమ్మ కిందో, పై అంతస్తు బాల్కనీ కిందో వేస్తే పనికిరాదు. అపార్ట్‌మెంట్లలో ఉండే విద్యార్థులు ఇక్కడే బోల్తా పడతారు.

ఈ పండగ ప్రార్థనలో చేత పట్టే నాలుగు రకాల్లో దబ్బ జాతి పండు ఎత్రోగ్ ఒకటి, విచ్చుకోని ఖర్జూరపు మొవ్వ ఒకటి, సువాసనల హదాస్ (మిర్టిల్) కొమ్మలు మూడు, అరావా (విల్లో) రెమ్మలు రెండు. కొనేటప్పుడు ఎత్రోగ్ కొనను ముట్టుకోవద్దు. విరిగితే పండు చెల్లదు. అరావా ఇట్టే వాడిపోతుంది, తడిగుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి.

పందిట్లో రాత్రి భోజనానికి స్వెటర్ తీసుకెళ్లండి. కొండల మీది ఊరు, చలి త్వరగా దిగుతుంది. తిండి పాడయ్యేంత వాన పడితే ఆతిథేయులే లేచి ఇంట్లోకి రమ్మంటారు.