దలాంగ్ కాలి వేళ్లు

ఈ సెమిస్టర్ జానపద కళల కోర్సు కోసం జావా తోలుబొమ్మలాట ‘వయాంగ్ కులిత్’ రికార్డింగ్ చూస్తున్నాను. రాత్రి మొదలైతే తెల్లవారేదాకా సాగుతుంది. ఆడించే ఆయన్ని దలాంగ్ అంటారు. అన్ని పాత్రల గొంతులూ ఆయనవే, గామెలాన్ వాద్యబృందానికి సైగలూ ఆయనవే. చేతుల్లో బొమ్మలుంటే, కాలి వేళ్ల మధ్య చిన్న కొయ్య సుత్తి పట్టుకుని పక్కనున్న పెట్టె మీద టకటకా కొడతారు. ఆ వేళ్ల దగ్గర వీడియో ఎన్నిసార్లు ఆపానో!

కథ మహాభారతమే. కానీ అర్జునుడి వెంట సెమార్ అనే బొజ్జ సేవకుడు తిరుగుతుంటాడు. వ్యాసుడి భారతంలో లేడు. జావా వాళ్లకు అతను సేవకుడి రూపంలో ఉన్న దేవుడు, దొరలకే బుద్ధి చెబుతాడు. మొదట్లో నోట్సులో ‘అసలు కథ’, ‘మార్పులు’ అని రెండు గళ్లు గీసుకున్నాను. సెమార్‌ని చూశాక ఆ పేజీ కొట్టేశాను.

1935లో యుగోస్లావియాలో అవ్దో మెజెదోవిచ్ అనే చదువురాని గాయకుడు 12 వేల పంక్తులు దాటిన గాథ చెప్పి రాయించాడట. బట్టీ పట్టి కాదు, అప్పటికప్పుడు అల్లుకుంటూ. అది చదివాక దలాంగ్ మరోలా అర్థమయ్యాడు.

రేపు మళ్లీ మొదటి నుంచి చూస్తాను. ఈసారి సబ్‌టైటిల్స్ లేకుండా.