స్లాబు ఊడ, గుహ ఊడ

ఒడిశాలోని జయపురంలో మా ఇంటి వరండా స్లాబుకు ఒక మూల పగులు ఉంది. నాలుగు వానాకాలాలుగా అక్కడ కారుతున్న నీరు వేలెడు పొడవున, మర్రి ఊడలా వేలాడే తెల్లని రాతి ఊడను దింపింది. పగులు పూడ్చడానికి వచ్చిన తాపీమేస్త్రి దానిని తట్టగానే విరిగి నేలపడింది. ముక్కను చేతిలోకి తీసుకుని చూస్తే నడుమ సన్నని రంధ్రం కనిపించింది. “గుప్తేశ్వరం గుహలో ఉన్నదే మీ ఇంట్లోనూ వెలిసింది బాబూ” అని మేస్త్రి నవ్వాడు. ఆ మాటలో సగమే నిజం ఉంది.

గుప్తేశ్వరం మా కొరాపుట్ జిల్లాలోనే, కొలాబ్ నది ఒడ్డున, సున్నపురాతి కొండలో ఉంది. ఆ నదినే దిగువన మనవాళ్లు శబరి అంటారు. అది కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. సంపెంగ చెట్ల నడుమ మెట్లెక్కి గుహలోకి వెళ్తే, వాన నీరు వేల ఏళ్లుగా చేస్తున్న పని కనిపిస్తుంది.

అడవి నేలలో చెట్ల వేళ్లూ, కుళ్లే ఆకులూ విడిచే కార్బన్ డయాక్సైడు పై గాలిలో కంటె ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. నేలలోకి ఇంకే వాన నీరు దానిని పీల్చుకుని స్వల్పంగా ఆమ్లంగా మారి, సున్నపురాతిని కాల్షియం బైకార్బొనేట్‌గా కరిగించుకుంటూ దిగుతుంది. ఆ నీరు గుహ కప్పుకు చేరి బొట్టుగా వేలాడగానే, గోలీసోడా కొట్టినప్పటిలాగే అందులోని వాయువు బయటికి పోతుంది. వాయువు పోయాక నీరు అంత రాతిని మోయలేదు కనుక, బొట్టు అంచు చుట్టూ కాల్సైట్ అనే సున్నపు ఖనిజం ఒక ఉంగరంలా పేరుకుంటుంది. ఉంగరం మీద ఉంగరం చేరి బోలు గొట్టమవుతుంది. ఆ గొట్టం పూడుకుపోతే నీరు బయటి నుంచి జారి దానిని పైన లావుగా, కొనన సన్నగా మారుస్తుంది. ఇదే స్టాలక్టైట్. నీరు ఆవిరై సున్నం మిగులుతుందని చాలామంది అనుకుంటారు కాని, తేమ నిండిన గుహలో ఆవిరి పాత్ర తక్కువ.

మా స్లాబులో జరిగింది దీనికి తలకిందులు. సిమెంటులో ఉండే తడి సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్, కారే నీటిలో కరిగి బయటికొచ్చి గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని రాయవుతుంది. గోడకు వేసిన వెల్ల గట్టిపడేదీ ఇలాగే. అంటే గుహ ఊడ వాయువును వదిలి పెరుగుతుంది, స్లాబు ఊడ వాయువును తీసుకుని పెరుగుతుంది; పుట్టే పదార్థం మాత్రం ఒక్కటే. గుహలో పెరుగుదల చోటును బట్టి మారినా, ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు చొప్పున లెక్కిస్తే, మా ఇంట్లో నాలుగేళ్లలో పుట్టినంత ఊడకు ఆరేడు వందల ఏళ్లు కావాలి. కనుక సిమెంటు వంతెన కింద ఊడను చూసి, గుహ లెక్కన వంతెన వయసు చెప్పబోవడం హాస్యాస్పదం.

కప్పు నుంచి రాలిన బొట్టులో ఇంకా కొంత రాయి మిగిలే ఉంటుంది. అది నేలను తాకి చిమ్మిన చోట స్టాలగ్మైట్ లేస్తుంది. నాకు అది పుట్టలా కనిపిస్తుంది: తల గుండ్రం, ఒళ్లు లావు, నడుమ గొట్టం ఉండదు. గుప్తేశ్వరుని లింగం ఏటా పెరుగుతోందని మా అమ్మ నమ్మకం. బొట్టు ఆగనంత కాలం ఇలాంటి రాయి పెరిగేదే కనుక నేను ఆమెతో వాదించను. ఒక ఏటి పెరుగుదలను కన్ను పట్టలేదని మాత్రం చెప్తాను. ఊడలను మాత్రం ఎవరూ తాకకూడదు. చేతి జిడ్డు అంటిన చోట కొత్త పొర సరిగా పట్టదు.

ఈ పొరల్లో వానల చరిత్ర కూడా ఉంది. వాన ఎక్కువైన ఏళ్లలో నీటిలో బరువైన రకం ఆక్సిజన్ (ఆక్సిజన్-18) వంతు తగ్గుతుంది. ఆ తేడా కాల్సైట్‌లో నిలిచిపోతుంది. అహ్మదాబాదులోని భౌతిక పరిశోధన ప్రయోగశాలకు చెందిన యాదవ, రమేశ్ గుప్తేశ్వరం నుంచీ, బస్తర్‌లోని దండక్ గుహ నుంచీ తీసిన నిక్షేపాలకు రేడియోకార్బన్‌తో వయసు కట్టి, సుమారు 3,400 ఏళ్ల వానల తీరును 2005లో వెల్లడించారు.

మేము ఎప్పుడూ శివరాత్రికే వెళ్తాం; అప్పటికి వానలు పోయి నెలలు గడిచి ఉంటాయి. ఈసారి కార్తికంలో, కొండ ఇంకా తడిగా ఉన్నప్పుడు వెళ్లి, ఒక్క ఊడ కింద నిలబడి బొట్టుకూ బొట్టుకూ మధ్య ఎన్ని క్షణాలు పడుతుందో లెక్కపెట్టాలని ఉంది.