మా గల్లీ సీసీ రోడ్డు లెక్కలు అడిగి తెచ్చుకున్నాం

ఆగస్టు 15న జెండాకు వందనం చేసినంత శ్రద్ధగా మన పన్నుల డబ్బు లెక్క కూడా అడగాలని నేను నమ్ముతాను. మా గల్లీలో సిమెంటు రోడ్డు వేసిన కొన్నాళ్లకే పెచ్చులూడింది. అప్పుడే సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను.

సగం పని ప్రశ్న రాయడంలోనే ఉంది. ‘రోడ్డు ఎందుకు పాడైంది? బాధ్యులెవరు?’ అని రాస్తే ఒక్క ముక్కలో తిప్పి పంపేస్తారు. 2005 నాటి చట్టం కింద ఇవ్వాల్సింది ఆఫీసు రికార్డుల్లో ఉన్నదే, కొత్తగా సంజాయిషీ రాసివ్వక్కర్లేదు. అందుకే కాగితాలను పేరుపెట్టి అడగాలి: మంజూరైన ఎస్టిమేట్, కాంట్రాక్టరు అగ్రిమెంట్, ఎంబీ పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, చెల్లించిన బిల్లులు. వీటిలో ఎంబీ, అంటే మెజర్‌మెంట్ బుక్, అన్నిటికన్నా ముఖ్యం. ఇంజినీరు కొలిచిన పొడవు, వెడల్పు, మందం అందులోనే ఉంటాయి, బిల్లు కూడా ఆ కొలతల మీదే. సెక్షన్ 2(జె) ప్రకారం పనిని తనిఖీ చేయొచ్చు, వాడిన సరుకు నమూనా కూడా కోరవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు, తెలియాలి. రోడ్డు ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా, ఏ ఆర్థిక సంవత్సరం పనో తప్పక రాయండి.

ఫీజు 10 రూపాయలు, కోర్టు ఫీ స్టాంపు అంటిస్తే చాలు. జిరాక్సులకు పేజీకి 2 రూపాయలు. ఎందుకు కావాలో చెప్పాల్సిన పనిలేదు. రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. అది లేకపోతే గడువు దాటిందని రుజువు చేయలేం.

30 రోజుల్లో జవాబు రాలేదు. అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు పెట్టాను. గడువు ముగిశాక 30 రోజుల్లోపు పెట్టాలి. జవాబు ఆలస్యమైతే సెక్షన్ 7(6) కింద కాపీలు ఉచితమని అందులోనే రాశాను. అక్కడా పని కాకపోతే 90 రోజుల్లో హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్ దగ్గరి రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు. కమిషన్ రోజుకు 250 చొప్పున, 25,000 దాకా సమాచార అధికారికి జరిమానా వేయగలదు.

అప్పీలుతోనే కాపీలు వచ్చాయి, డబ్బు అడగలేదు. కాలనీవాళ్లం టేపుతో పొడవు, వెడల్పు కొలిచి, నల్లా పైపు కోసం తవ్విన చోట మందం చూసి ఎంబీతో పోల్చాం. అగ్రిమెంట్‌లో డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఇంకా మిగిలే ఉంది. ఆ లోపు పాడైతే మరమ్మతు ఖర్చు కాంట్రాక్టరుదే. ఆ క్లాజు నంబరు వేసి, అందరం సంతకాలు పెట్టి ఇంజినీరుకు లేఖ ఇచ్చాం.