ముందు జొన్నలు, తర్వాత నీళ్లు

మూడేళ్ల పిల్ల చెంబు అందుకోగానే "ఒలకబోస్తావు, ఇటియ్యి" అని లాక్కుంటాం. ఒలికే మాట నిజమే. కానీ తప్పు పిల్లది కాదు, నిండుగా ఉన్న పెద్ద చెంబుది. 1939లో మద్రాసుకు వచ్చిన ఇటలీ విద్యావేత్త మారియా మాంటిస్సోరి పద్ధతిలో ఒంపడం గింజలతోనే మొదలవుతుంది. అనంతపురం ఇళ్లల్లో అందుకు కొత్తగా కొనాల్సిందేమీ ఉండదు.

పిల్ల చేతికి ఇమిడే రెండు చిన్న స్టీలు గ్లాసులు, అంచున్న పళ్లెం చాలు. ఒక గ్లాసులో సగానికి జొన్నలు పోయండి. కొర్రలు వద్దు, కిందపడితే ఏరుకోలేరు. వాటిని రెండో గ్లాసులోకి ఒంపి చూపండి, చూపేటప్పుడు మాట్లాడకండి. మీరు మాట్లాడితే పిల్ల మీ చేతిని వదిలేసి మీ ముఖం చూస్తుంది. గింజలు ముక్కులో దూర్చుకునే వయసు కాబట్టి పక్కనుంచి లేవకూడదు.

జొన్నలు కింద పడకుండా ఒంపగలిగాక పావు గ్లాసు నీళ్లు ఇవ్వండి. ఇక్కడే చాలామందికి విసుగొస్తుంది. పిల్ల భయపడి మెల్లగా వంచితే నీళ్లు గ్లాసు వెలుపలి గోడను పట్టుకుని జారతాయి. "మెల్లగా" అనే కొద్దీ ఇంకా ఒలుకుతాయి. కాస్త ధైర్యంగా వంచాలి, ముక్కున్న చిన్న గిన్నె అయితే ఇంకా సులువు. తుడవడానికి పాత నూలు పంచె ముక్క పక్కనే ఉంచండి, కొత్త గుడ్డ నీళ్లు పీల్చదు. తుడవడం కూడా పిల్ల పనే. నీళ్లు వృథా అని అవ్వ కోప్పడితే ఆ కోపం న్యాయమే, మన సీమలో నీటి విలువ ఆమెకు తెలుసు. కింద తొట్టి పెట్టి, మిగిలినవి చెట్టుకు పోయించండి.

చెనక్కాయలు ఒలవడం వేళ్లకు మంచి పని. ఎండుకాయ తొక్క గట్టి, చిన్న బొటనవేలికి లొంగదు. ఉడకబెట్టిన పచ్చికాయలతో మొదలుపెట్టండి. ముక్కులా ఉన్న కొనను నొక్కితే కాయ అతుకు వెంట విచ్చుకుంటుంది. పది కాయలు చాలు. ఒలిచిన గింజలు గిన్నెలోకే పోవాలి. అయిదేళ్లు నిండేదాకా గింజ గింజగా తినిపించకండి, గొంతుకు అడ్డం పడతాయి. మెత్తగా నూరి పెట్టండి.

చొక్కా గుండీలు కిందినుంచి మొదలుపెట్టించండి, గడ్డం కింది గుండీ పిల్లకు కనపడదు. మొదట్లో మీరు గుండీని కాజాలో సగం దూర్చి వదలండి, బయటికి లాగడం పిల్ల చేస్తుంది. అది వచ్చాకే దూర్చడం నేర్పండి.