మునుగోడు పోయొచ్చిన ముచ్చట

నల్లగొండలో పని పొద్దున్నే తెమిలింది. ఎలాగూ ఇంతదూరం వచ్చాం కదా అని మునుగోడు బస్సెక్కాను, 2022 ఉప ఎన్నికప్పుడు టీవీల్లో పొద్దస్తమానం చూసిన ఊరు. దారంతా పత్తి చేలు, అక్కడక్కడా బత్తాయి తోటలు, ఎండ.

దిగి టీ హోటల్లో కూర్చుని ఆ ఎన్నిక మాట ఎత్తానో లేదో, హోటలాయన గరిటె పక్కన పెట్టి మొదలుపెట్టాడు. "ఊళ్లె కిరాయికి ఒక్క రూము దొరకలే అన్నా. పొద్దుగాల టిఫిను పార్టీలోళ్లదే, రాత్రికి మటను, మందు వాళ్లదే." బల్ల చివర కూర్చున్న పెద్దావిడ మాత్రం ఇప్పటికీ రగిలిపోతోంది. "వాడకట్టున అందరికీ ముట్టినయ్ బిడ్డా, మాకు ముట్టలే. ఇంట్ల నాలుగు ఓట్లని లిస్టుల రాసుకపోయిండు, పైసలు వాడే తిన్నడు." ఏ పార్టీవాడో నేనడగలేదు. ఏ పార్టీవాడైతే ఏంటి!

అక్కడే ఫోన్‌లో లెక్క వేశాను. అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, ఓటర్లు దాదాపు 2.41 లక్షలు. తలకు పదిహేడు రూపాయలు కూడా పడదు. టీ తాగి ఒక ప్లేటు మిర్చి బజ్జీ తింటే పరిమితి దాటినట్టే. పైగా అది అభ్యర్థికే, పార్టీ ఎంతైనా పెట్టుకోవచ్చు.

"మరి గన్ని పైసలు యాడికెళ్లి వస్తయ్ బిడ్డా?"

నాకు తెలిసింది చెప్పాను. కంపెనీలు లాభాల్లో 7.5 శాతానికి మించి విరాళం ఇవ్వకూడదన్న నిబంధనను 2017లో ఎత్తేశారు, మరుసటి ఏడాది ఎలక్టోరల్ బాండ్లు, అంటే స్టేట్ బ్యాంకులో కొని పార్టీలకు విరాళంగా ఇచ్చే పత్రాలు, అమ్మారు, ఎవరు ఎవరికిచ్చారో జనానికి తెలియకుండా. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేస్తే గానీ జాబితా బయటికి రాలేదు. తీరా చూస్తే మన హైదరాబాద్ మేఘా ఇంజినీరింగ్ 966 కోట్ల బాండ్లు కొని దేశంలోనే రెండో స్థానంలో ఉంది. 2019 ఏప్రిల్ నుంచి లెక్కేస్తే బీజేపీకి 6,000 కోట్ల పైన, బీఆర్ఎస్‌కు 1,200 కోట్ల పైన ముట్టాయి. ఆ డబ్బే ఇక్కడ పంచారని నేననను. నా మంటల్లా ఒకటే, ఓటుకు డబ్బు తీసుకున్నారని ఈ ఊళ్లను టీవీల్లో నిలబెట్టి తిట్టినవాళ్లం, కోట్లిచ్చినవాళ్ల పేర్లు ఆరేళ్లు బ్యాంకులో భద్రంగా ఉంటే కిమ్మనలేదు.

"966 కోట్లు ఊకెనే ఎవలన్న ఇస్తరా అన్నా? నేనైతే టీ కూడా ఖాతా రాస్త" అన్నాడు హోటలాయన.

పెద్దావిడకు ఈ కోట్లు పట్టలేదు. లిస్టు రాసుకపోయినోడు సర్పంచ్ ఎలక్షన్లకు మళ్లీ గడప తొక్కుతడు గదా, అప్పుడు గల్లా పట్టి అడుగుతానంది.