రంగు పూత కాదు, కట్టుబడి

లండన్ మార్గరెట్ స్ట్రీట్‌లోని ఆల్ సెయింట్స్ చర్చిలో నన్ను కట్టిపడేసేది రంగు. విలియం బటర్‌ఫీల్డ్ రూపకల్పనలో 1850లో మొదలైన ఈ కట్టడానికి 1859లో ప్రతిష్ఠ జరిగింది. ఎర్ర ఇటుక గోడల్లో నల్ల ఇటుక పట్టీలు. పైపూత కాదు కాబట్టి పెచ్చులూడే భయం లేదు.

ఆ కాలపు చర్చిల్లో నేల మీద పరిచే ఎన్‌కాస్టిక్ పలకలదీ ఇదే తీరు. అచ్చు వేసిన గుంటల్లో వేరే రంగు మట్టి నింపి కాలుస్తారు. నగిషీ లోతుగా దిగుతుంది, తరాల నడకకూ అంత తేలిగ్గా చెరగదు. వాటికి అసలు శత్రువు అడుగు నుంచి ఎక్కే చెమ్మ. పైన నీరు దూరని సీలర్ పూశారంటే తేమకు దారి మూసుకుపోయి, లవణాలు లోపలే పేరుకుని పైపొరను లేపేస్తాయి. సందుల్లో గట్టి సిమెంటు కూరితే పలకల అంచులే విరుగుతాయి, సున్నమే వాడాలి. రబ్బరు అడుగున్న చాపలు పరచడం మరీ అన్యాయం, చెమ్మంతా వాటి కిందే మగ్గుతుంది.